నాయిన అంటించిన బోదగడ్డి: అరెస్టు నుంచి తీర్పు దాకా ఎనిమిదిన్నర నెలలు

2025 మార్చి 11, మంగళవారం. పొద్దున తొమ్మిదింటికి హైదరాబాద్‌లో నేను పనిచేసే మెడికల్ షాపు షట్టర్ ఎత్తుతున్నాను. చిన్నాయన ఫోన్ చేశాడు. "మీ నాయినను ఫారెస్టోళ్ళు తోల్కపోయిన్రు. అడివికి అగ్గి వెట్టిండని కేసంట. జల్ది రా" అన్నాడు. ఇంకేమీ అడగకుండా బస్సెక్కాను.

మాది నల్లమలలో, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అంచున ఉన్న ఊరు. ఊరి పేరు, మా పేర్లు రాయడం లేదు. మా నాయినకు 61 ఏళ్ళు. ముప్పై నాలుగు మేకలు మేపేవాడు. నవంబర్ 24న తీర్పు వచ్చింది. మా వైపు మేకలు, గొర్లు మేపే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఈ కేసు ఎలా నడుస్తుందో వాళ్ళకు తెలియాలని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మా నాయిన తప్పు చేయలేదని చెప్పడానికి మాత్రం కాదు. మంట పెట్టింది ఆయనే.

మార్చి 9, ఆదివారం, సాయంత్రం నాలుగు. మార్చి వచ్చేసరికి బోదగడ్డి ఎండి పుల్లలైపోతుంది, మేక మూతి కూడా పెట్టదు. దాన్ని కాలిస్తే పది పదిహేను రోజుల్లో మొదళ్ళ నుంచి లేత చిగురు వస్తుంది. మా తాత అదే చేసేవాడు, నాయినా అదే నేర్చుకున్నాడు. ఒక మూల అంటించాడు. అరగంటకు గాలి మళ్ళి మంట గుట్ట మీదికి ఎగబాకింది. పచ్చి మండలు విరిచి గంటసేపు ఒక్కడే కొట్టాడు. కుడి అరచేయంతా బొబ్బలు. చీకటి పడ్డాక మందను తోలుకుని ఇంటికొచ్చి, అమ్మతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా పడుకున్నాడు. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, ఫారెస్ట్ వాళ్ళకు ఫోన్ చేయలేదు. ఆ రాత్రి ఒక్క ఫోన్ చేసి ఉంటే కేసు ఇంకోలా ఉండేదని వకీలు సారు తర్వాత చాలాసార్లు అన్నాడు.

ఎలా దొరికాడన్నది నాకు మొదట అర్థం కాలేదు. బీట్ ఆఫీసర్ తన ఫోన్ చూపించాడు. రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో ఉపగ్రహం ఆ చోటు మీదుగా పోయింది. నేలను 375 మీటర్ల గడులుగా చూసి, ఏ గడిలో వేడి ఎక్కువుందో పట్టేస్తుందట. ఆ సమాచారం ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి అక్షాంశం, రేఖాంశంతో సహా మెసేజ్‌గా కింది సిబ్బంది ఫోన్లకు వచ్చేస్తుంది. తెల్లారేసరికి బేస్ క్యాంప్ వాచర్లు ఎండాకులు ఊదేసే బ్లోయర్లతో అక్కడున్నారు. సోమవారం పది గంటలకు గానీ ఆరలేదు. ఆ వైపు ఎవరి మంద పోతుందో అడిగితే ఇంకో మేకలాయన చెప్పాడు. ఆయన మీద నాకు కోపం లేదు. అడిగితే ఉన్నది చెప్పాడు.

నేను రేంజ్ ఆఫీసుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు. నాయిన వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, చేతికి గుడ్డ చుట్టుకుని. అప్పటికే పెద్దాఫీసర్ ముందు వాంగ్మూలం అయిపోయింది. "నేనే అంటువెట్టిన సార్. గడ్డి కోసం వెట్టిన. గింత దూరం పోతదనుకోలే" అన్నాడట. రాసింది చదివి వినిపించి వేలిముద్ర తీసుకున్నారు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని అందరం వింటుంటాం కదా. ఫారెస్ట్ ఆఫీసర్లు ఆ లెక్కలో పోలీసులు కారు. వన్యప్రాణి చట్టం కింద అసిస్టెంట్ కన్జర్వేటర్ స్థాయి, ఆపై అధికారి నిందితుడి ఎదుట నమోదు చేసిన సాక్ష్యం విచారణలో చెల్లుతుంది. ఇది నాకు మర్నాడు తెలిసింది. నాకు ముందే తెలిసి ఉన్నా నాయిన వేరే మాట చెప్పేవాడు కాదు. కానీ తెలుసుకుని చెప్పడం వేరు, తెలియక చెప్పడం వేరు.

మూడింటికి పంచనామా కోసం నాయినను ఆ చోటికి తీసుకెళ్ళారు. నన్నూ రానిచ్చారు. జీపు దిగాక మూడు కిలోమీటర్లు నడక. ఇప్పపువ్వు రాలే కాలం అది. చెట్ల కింద పువ్వు మాడి నల్లగా గింజల్లా పడుంది. ఒక చోట పెద్ద మొద్దు పూర్తిగా కాలి, దాని ఆకారం మాత్రం తెల్లటి బూడిదగా నేల మీద మిగిలింది, కొమ్మలతో సహా. కాలు పెడితే చీలమండ దాకా దిగింది. ఒక్క పిట్ట కూతా లేదు.

వాచర్ ఒకాయన కర్రతో ఏదో తిరగేశాడు. రాయనుకున్నాను. నక్షత్ర తాబేలు. అరచేయంత ఉంది. పైన పసుపు గీతలన్నీ పోయి చిప్ప బొగ్గయింది, కింది అంచున మాత్రం రెండు గీతలు మిగిలాయి. నాలుగు కాళ్ళూ, తలా లోపలికి ముడుచుకునే ఉంది. కదలకుండా ఉంటే ఆపద దాటిపోతుందని దాని నమ్మకం కదా. నాయిన అక్కడే బూడిదలో కూర్చుండిపోయాడు. అరెస్టు చేసినప్పుడు ఏడవలేదట, వేలిముద్ర పెట్టినప్పుడు ఏడవలేదు. అక్కడ ఏడ్చాడు. వాచర్ దాన్ని కవర్లో వేశాడు. పంచనామాలో అది ఒక్క లైను.

బీట్ ఆఫీసర్ జీపీఎస్ పట్టుకుని కాలిన చోటు చుట్టూ నడిచాడు. 3.8 హెక్టార్లు వచ్చింది. ఎండిన వాగు దగ్గర మంట ఆగింది. వాగు అవతలి ఒడ్డున ఒక రాయికి రంగు వేసి ఉంది. అదేమిటని అడిగితే కోర్ ఏరియా, అంటే పులుల కోసం కేటాయించిన లోపలి అడవి, దాని హద్దు అన్నారు. ఆ రాయి మా జీవితంలో ఎంత పెద్దదో ఆ క్షణాన తెలియలేదు.

ఆ రాత్రి నాయిన ఆఫీసులోనే. అన్నం మేమే తెచ్చిపెట్టాం. బొబ్బలకు మందు రాయించమని అడిగితే పొద్దున దవాఖానకు తీసుకెళ్తారుగా అన్నారు. రాత్రంతా చేయి మండుతూనే ఉందట. బుధవారం వైద్య పరీక్ష అయ్యాక, సాయంత్రం నాలుగున్నరకు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరిచారు. పద్నాలుగు రోజుల రిమాండ్. అంతా పది నిమిషాలు కూడా పట్టలేదు.

వకీలు సారు ఆ సాయంత్రమే కాగితాలు చూశాడు. ఆయన మొదటి ప్రశ్న, "మంట వాగు దాటిందా?" అని. దాటలేదన్నాను. "కచ్చితంగానా?" అని మూడుసార్లు అడిగాడు. అప్పుడు చెప్పాడు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో సెక్షన్ 30 ఉంది. అభయారణ్యానికి ప్రమాదం కలిగేలా నిప్పు పెట్టినా, రాజేసినా, ఆర్పకుండా వదిలేసినా నేరమే. 2006 సవరణలో వచ్చిన 38వి అదే సెక్షన్‌ను టైగర్ రిజర్వ్ మొత్తానికీ వర్తింపజేస్తుంది, కోర్ చుట్టూ ఉండే బఫర్ అయినా సరే. శిక్షలు సెక్షన్ 51లో ఉన్నాయి. బఫర్‌లో అయితే మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానా 2022 సవరణకు ముందు పాతికవేలే ఉండేది. కోర్‌లో అయితే లెక్క మారిపోతుంది. మొదటి నేరానికే మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా జైలు, జరిమానా కూడా తప్పదు. జడ్జిగారికి దయ కలిగినా మూడేళ్ళ కిందికి దిగలేరు. "అమ్రాబాద్‌లో మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లయితే అందులో 2,166 కోరే. మీ నాయిన అదృష్టం కొద్దీ మిగిలిన ముక్కలో అంటించిండు" అన్నాడు.

నాకు ఊపిరి ఆడింది. అప్పుడే ఆయన పంచనామాలోని ఆ ఒక్క లైను దగ్గర వేలు పెట్టాడు. తాబేలు. చట్టంలో వేట అంటే తుపాకీ, ఉచ్చు మాత్రమే కాదు, అడవి జంతువును చంపడం కూడా ఆ నిర్వచనంలోకి వస్తుంది. టైగర్ రిజర్వ్‌లో వేట అయితే బఫర్ అయినా కోర్‌తో సమానమే, అదే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళు. చంపాలనే ఉద్దేశం లేదు కాబట్టి ఆ సెక్షన్ నిలవదని ఆయన వాదన. కానీ ఫిర్యాదులో పెడితే ముందు బెయిలే కష్టమవుతుంది. పోలీసులు కూడా విడిగా కేసు కడితే భారతీయ న్యాయ సంహిత 326 కింద ఏడేళ్ళ దాకా, ప్రభుత్వ ఆస్తుల నష్ట నివారణ చట్టం కింద పదేళ్ళ దాకా ఉంది. ఆ రాత్రి నేను ఇంటికి పోలేదు. బస్టాండ్‌లో కూర్చుని తాబేలు గురించే ఆలోచించాను. మొదట భయంతో. తర్వాత, అంత మంటలో అది ఎంతసేపు అట్లా ముడుచుకుని ఉండి ఉంటుందా అని.

బెయిల్ దరఖాస్తు 13న వేశాం. 14 హోలీ, సెలవు. 17న ఏపీపీ, అంటే ప్రభుత్వం తరఫు వకీలు, కౌంటర్‌కు గడువు అడిగారు. 19న వాదనలు. ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న కేసుల్లో ముందు నోటీసు ఇచ్చి పిలవాలని, అవసరం ఉంటేనే అరెస్టు చేయాలని మా సారు వాదించాడు. చేతి బొబ్బల మెడికల్ కాగితం కూడా చూపించాడు, ఆర్పడానికి ప్రయత్నించాడనడానికి. ఆ కాగితం నేను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోకపోతే ఆ రోజుకు దొరికేది కాదు. ఏ కాగితం కనిపించినా ఫొటో తీసి పెట్టుకోండి.

సబ్ జైలులో ములాఖత్‌కు రెండుసార్లు వెళ్ళాను. ఆధార్ ఒరిజినల్ లేక మొదటిసారి వెనక్కి పంపారు, మర్నాడు మళ్ళీ పోయాను. నాయిన జాలీ అవతల నుంచి మేకల పేర్లు పెట్టి అడిగాడు. ఒకటి ఈనే రోజులు దగ్గర పడ్డాయి, దాన్ని మందతో తోలొద్దని చెప్పించాడు. తన గురించి ఏమీ అడగలేదు.

21, శుక్రవారం సాయంత్రం బెయిల్ ఆర్డర్ వచ్చింది. ఇరవై వేల చొప్పున ఇద్దరు జామీను. బెయిల్ వచ్చిందంటే మనిషి వచ్చేసినట్టే అనుకున్నాను. కాదు. జామీనుదారులకు ఇంటి పన్ను రశీదు, ఇంటి విలువ సర్టిఫికెట్, ఆధార్, ఫొటోలు కావాలి. శని, ఆదివారాలు పంచాయతీ కార్యదర్శి దొరకలేదు. మా మేనమామ ముందుకొచ్చాడు, రెండో మనిషి కోసం ఏడు గడపలు ఎక్కాను. అందరూ మంచోళ్ళే, కానీ ఫారెస్ట్ కేసు అనగానే ఇంట్లో ఆడవాళ్ళు వద్దన్నారు. చివరికి మా బడి సారు, రిటైరైన ఆయన, నేను అడగకముందే రశీదు తెచ్చి చేతిలో పెట్టాడు. 24న జామీను దాఖలు చేసి, విడుదల ఆర్డర్ తీసుకుని జైలుకు చేరేసరికి వేళ దాటిపోయింది. 25 ఉదయం బయటికొచ్చాడు. లోపల పదమూడు రోజులు.

షరతు ఏమిటంటే ఫిర్యాదు దాఖలయ్యే దాకా ప్రతి ఆదివారం రేంజ్ ఆఫీసులో సంతకం. మొదటి ఆదివారం ఉగాది. పచ్చడి తినకుండానే పోయాడు. అలా పన్నెండు ఆదివారాలు. మే నెలలో ఒక ఆదివారం సంతకానికి పోయినప్పుడు ఇంకో చోట మంట లేచిందని వాచర్లు జీపెక్కుతున్నారట. "నేను గూడొస్త" అని ఈయనా ఎక్కేశాడు. రాత్రి ఎనిమిదింటికి మసిమొహంతో ఇంటికొచ్చాడు. కేసులో దానివల్ల ఏ లాభమూ లేదు. ఎవరూ ఏ కాగితంలోనూ రాయలేదు.

ఊళ్ళో మాత్రం చాలా కష్టమైంది. ఆ గుట్ట వైపు మందలు రావద్దని ఫారెస్ట్ వాళ్ళు చెప్పేశారు. మిగతా మేకలోళ్ళు తిరిగి పోవాలంటే నాలుగు కిలోమీటర్లు ఎక్కువ. ఇప్పపువ్వు ఏరుకునే చెంచుల ఇళ్ళకు ఆ ఏడు ఆ చెట్ల కింద ఏమీ దొరకలేదు. ఒక ముసలమ్మ మా గుమ్మం ముందే నిలబడి, "మా కడుపు మీద గదా కొట్టినవ్" అంది. నాయిన తల వంచుకుని విన్నాడు. జైలు కంటే ఆ మాటే ఆయనకు ఎక్కువ తగిలింది. నాకూ అంతే. గడ్డికి అంటిస్తే గడ్డే కాలుతుందని ఇన్నేళ్ళు మేమూ అనుకున్నాం.

రాజీకి కూడా ప్రయత్నించాం. సెక్షన్ 54 కింద, కనీస శిక్ష లేని నేరాలకు, అధికారం ఉన్న అటవీ అధికారి డబ్బు కట్టించుకుని కేసు ముగించవచ్చు. బఫర్ కాబట్టి అడగడానికి దారి ఉంది. ఏప్రిల్ 15న దరఖాస్తు పెట్టాం. అధికారి ఒప్పుకుని తీరాలని ఏమీ లేదు. జూలై 9న జవాబు వచ్చింది, తెలిసి పెట్టిన మంట కాబట్టి కుదరదని. నేను బాధపడ్డాను. నాయిన, "నిజమే గదా" అన్నాడు.

ఈలోగా జూన్ 16న ఫిర్యాదు కోర్టులో పడింది. వకీలు సారు కాపీ తెచ్చి ముందు తాబేలు కోసం వెతికాడు. పంచనామాలో ఉంది, వేట సెక్షన్ పెట్టలేదు. సెక్షన్ 30, 51, వాటితోపాటు రాష్ట్ర అటవీ చట్టం సెక్షన్ 20. ఆ రోజు మూడు నెలల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను.

ఆగస్టు 18న మొదటి పేషీ. సెప్టెంబర్ 15న బీట్ ఆఫీసర్ సాక్ష్యం, ఉపగ్రహం మెసేజ్, జీపీఎస్ మ్యాప్ అన్నీ పెట్టారు. ఆర్పడానికి ప్రయత్నించినట్టు చేతి మీద బొబ్బలున్నాయని ఆయనే చెప్పాడు, మా సారు అడగకముందే. అక్టోబర్ 27న అభియోగం చదివి వినిపించారు. అప్పటికి మా ముందు రెండు దారులున్నాయి. కేసు నడిపిస్తే మూడు నాలుగేళ్ళు, వాంగ్మూలం మీద పోరాడాలి. ఒప్పుకుంటే నేరం రుజువైనట్టే రికార్డులో ఉంటుంది, మళ్ళీ ఇలాంటి కేసు పడితే ఇది ముందు నేరంగా లెక్కకొస్తుంది, శిక్ష ఎంతన్నది జడ్జిగారి చేతిలో. మా సారు పోరాడదామనే అన్నాడు. నాయిన వినలేదు. "చేసిన పని చేయలేదని ఎట్ల చెప్త బిడ్డా. ఆ తాబేలును జూసినంక నోరు రాదు" అన్నాడు.

నేరం ఒప్పుకుంటున్నానంటే జడ్జిగారు వెంటనే రాసుకోలేదు. దీనివల్ల శిక్ష పడవచ్చని, ఎవరైనా బలవంతం చేశారా అని, ఇంటికెళ్ళి ఆలోచించుకుని రమ్మని నాలుగు వారాలు టైమిచ్చారు. ఆ నాలుగు వారాలు మా ఇంట్లో ఉన్న టెన్షన్ జైలు రోజుల్లో కూడా లేదు. అమ్మ రోజూ దండం పెట్టి మూడేళ్ళు మాత్రం వద్దు స్వామీ అనేది.

నవంబర్ 24. మళ్ళీ అదే మాట చెప్పాడు. వయసు, మొదటి నేరం, ఆర్పే ప్రయత్నం, రిమాండ్‌లో ఉన్న రోజులు, అన్నీ చూసి, కోర్టు లేచేదాకా జైలు, ఇరవై వేలు జరిమానా, కట్టకపోతే రెండు నెలల సాధారణ జైలు అని తీర్పు. పదకొండున్నరకు చెప్పారు. సాయంత్రం కోర్టు లేచేదాకా నాయిన హాలు వెనక గోడకు ఆనుకుని ఉన్నాడు. మధ్యలో అటెండర్ స్టూలు చూపించి కూర్చోమన్నాడు. కూర్చోలేదు. నేను జరిమానా కట్టి రశీదు తెచ్చి చూపిస్తే, రెండు చేతులతో తీసుకుని మడత పెట్టి అంగీ లోపలి జేబులో పెట్టుకున్నాడు. కుడి అరచేతి మీద మచ్చలు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

ఖర్చు కూడా రాస్తాను, ఎందుకంటే అందరూ ముందు అడిగేది అదే. వకీలు ఫీజు బెయిల్‌కు పదిహేను వేలు, మిగతా కేసుకు పాతికవేలు. జామీను కాగితాలు, వాళ్ళ రాకపోకలు 3,200. జరిమానా ఇరవై వేలు. బస్సులు, తిండి, జిరాక్సులు, కాపీలు కలిపి పదకొండు వేల దాకా. షాపులో నాకు కోత పడిన జీతం 11,500. మొత్తం 85,700. దీనికోసం పన్నెండు మేకలు అమ్మాం. అవసరంలో ఉన్నామని తెలిసి ఒక్కోటి ఆరున్నర వేలకు అడిగారు. మామూలుగా ఎనిమిది వేలకు తగ్గవు. ఆ ఈనే మేకను మాత్రం అమ్మనివ్వలేదు. దానికి రెండు పిల్లలు.

ఈ డిసెంబర్‌లో ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా గడ్డి తీసేసిన బాటలు, కొట్టే పనికి కూలీలు కావాలని వాచర్ వచ్చి అడిగాడు. నాయిన పోతున్నాడు. మేకలకు మా పొలం గట్టు మీద అవిశ, సుబాబుల్ పెట్టాం, ఇంకా మోకాలెత్తే ఉన్నాయి. ఈ వేసవికి రొట్ట కొనక తప్పదు. తీర్పు సర్టిఫైడ్ కాపీకి నవంబర్ 26న అప్లై చేశాం. జామీనుదారుల కాగితాలు వెనక్కి తీసుకోవడానికి అది కావాలన్నారు. ఇంకా రాలేదు. వస్తే ముందు బడి సారుకు ఆయన రశీదు తిరిగి ఇవ్వాలి.